గట్టుమీది జీరంగి, చేలోని వేరుపురుగు



జీరంగి తెలియనివాళ్ళు మనలో తక్కువ. తొలకరి పడి తుమ్మచెట్టు చిగురుపట్టిన రోజుల్లో, ఆ చిగురు కొరుకుతూ, ఎండకు తళతళలాడుతూ కనబడే పెంకుపురుగది. కొన్ని వూళ్ళలో బంగారు పురుగంటారు. పిల్లలు దాన్ని పట్టుకుని, గాలి ఆడేందుకు బెజ్జం పెట్టిన అగ్గిపెట్టెలో వేసి, తోడుగా నాలుగు తుమ్మాకులు పెట్టి బడికి పట్టుకుపోతారు. పెట్టెలో అది గుడ్లు పెట్టిందంటే ఆ పూట ఆ కుర్రవాడే తరగతికి పెద్ద.

ఇక పత్తిచేలోకి వద్దాం. పూతా పిందే మీదున్న మొక్క ఒకటి వున్నట్టుండి తలవాలుస్తుంది. పక్కమొక్కలు పచ్చగానే వుంటాయి. తెగులేమో ననుకుంటాం. పీకి మొదలు నిలువునా చీల్చి చూస్తే లోపల పొట్టు కూరిన సన్నటి దారి కనబడుతుంది. ఆ దారి చివర తలవైపు వెడల్పుగా, తోకవైపు సన్నంగా, కాళ్ళులేని తెల్లటి పురుగు ముడుచుకుని వుంటుంది.

ఆ జీరంగీ, యీ తెల్లపురుగూ ఒకే ఇంటివి. ఇద్దరి ఇంటిపేరూ బుప్రెస్టిడే అని శాస్త్రజ్ఞులు రాసుకున్నారు. ప్రపంచం మొత్తంమీద యీ ఇంట్లో సుమారు 15 వేల రకాలున్నాయి. మనం ఒకదాన్ని ముద్దుచేస్తూ, మరొకదాన్ని తిట్టుకుంటూ వచ్చాం గాని, రెండూ చుట్టాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో గట్టుగట్టుకూ, చెట్టుచెట్టుకూ తిరిగి యీ ఇంటివాళ్ళందరి పేర్లూ వరసగా రాసి రైతుకు అందించిన పట్టిక నా కంటబడలేదు. ఎందుకిలా జరిగింది? యీ పురుగుల లెక్క ఇంతవరకూ ఎవరు రాశారు, ఎవరి అవసరంకోసం రాశారు? ఈ రోజు చెప్పుకోవలసిన కథ ఇదే.

గుంటూరు, ప్రకాశం అంటున్నానంటే 2022లో విడదీయక ముందున్న జిల్లాలని అర్థం. పురుగులకు జిల్లా హద్దులు లేవు గదా. ఆ మాటకొస్తే ప్రకాశం జిల్లా కూడా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసిందే.

ముందుగా ఆ ఇంటిపేరు సంగతి. బుప్రెస్టిస్ అన్నది పాత గ్రీకు మాట. దానికి అర్థం ఆవును ఉబ్బించేది అని. గడ్డిలో దాగిన ఒక పురుగును పశువు గడ్డితోపాటు మింగితే కడుపు ఉబ్బి చస్తుందని పూర్వం గ్రీకు దేశపు కాపులు నమ్మేవారు. వాళ్ళు భయపడిన పురుగు బహుశా వేరే జాతిది. కంది పూతమీద, బెండ పూతమీద వాలే ఎరుపు నలుపు పట్టీల పెంకుపురుగు మనకు తెలుసు. నలిపితే ఒంటిమీద బొబ్బలెక్కుతాయి. ఆ కోవలోది కావచ్చు. 1758లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ప్రపంచంలోని జంతువులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెడుతూ, యీ పాతమాటను తీసుకొచ్చి మెరుపు పురుగులకు తగిలించాడు. తప్పు ఒకరిది, పేరు మరొకరికి. మన జీరంగి పశువుల జోలికి పోయేదే కాదు.

ఆ 1758 పుస్తకంలోనే మనదేశపు జీరంగి ఒకటి ఎక్కింది. నేడు దాన్ని స్టెర్నోసెరా స్టెర్నికార్నిస్ అంటున్నారు. ఒళ్ళంతా ఆకుపచ్చ, పైరెక్కల మీద చిన్న చిన్న గుంటలు, గుంటల్లో తెల్లటి మచ్చలు. లిన్నేయస్ మనదేశం రాలేదు. ఓడలమీద పోయిన ఎండు పురుగుల్ని చూసి రాశాడు. ఆయన శిష్యుడు ఫాబ్రీసియస్ 1775లో మరొక జీరంగికి పేరుపెట్టాడు. దానికి మెడభాగం ఆకుపచ్చ, పైరెక్కలు మాత్రం ముదురు గోధుమవన్నె. ఇప్పుడు స్టెర్నోసెరా క్రైసిస్ అంటారు. మన పిల్లల అగ్గిపెట్టెల్లో కాపరం చేసే పురుగులు ముఖ్యంగా యీ రెండు రకాలవే.

ఆ రోజుల్లో కోరమాండల్ తీరానికి వచ్చిన విద్వాంసులు తక్కువేం కాదు. సామర్లకోటలో వున్న విలియం రాక్స్‌బరో తీరపు మొక్కలను బొమ్మలు గీయించి 1795 నుంచి పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేయించాడు. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ పాముల సంగతి తీసుకుని 1796లో పుస్తకం తెచ్చాడు. మొక్కల్లో మందుంది, రంగుంది, నూలుంది. పాముకాటుకు సిపాయిలు చస్తున్నారు. కనుక కంపెనీవారికి ఆ రెండూ కావలసివచ్చాయి. రాక్స్‌బరో పురుగుల్లో లక్క పురుగును గురించి 1791లో రాశాడంటే, లక్క సరుకు గనుక రాశాడు. కొమ్మ తొలిచే పురుగుతో కంపెనీకి ఏం పని?

జీరంగితో మాత్రం పని పడింది. పురుగుతో కాదు, దాని రెక్కతో. 19వ శతాబ్దంలో హైదరాబాదులోనూ, మద్రాసులోనూ పనివాళ్ళు సన్నటి మస్లిన్ బట్టమీద బంగారు జరీతో లతలు కుట్టి, ఆకులున్నచోట జీరంగి పైరెక్కను కత్తిరించి కుట్టేవారు. ఆ బట్టలు ఓడలెక్కి సీమకు పోయేవి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాటివి ఇప్పటికీ వున్నాయి. 1903 జనవరిలో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు వైస్రాయి భార్య లేడీ కర్జన్ తొడిగిన నెమలి గౌనులో నెమలికన్ను నడుమన వుంచినది యీ రెక్కే. చూసినవాళ్ళు అవి పచ్చలనుకున్నారని చెప్పుకుంటారు. ఇంకా వెనక్కు పోతే జపాన్‌లో హోర్యూజీ అనే బౌద్ధారామంలో 7వ శతాబ్దపు చిన్న మందిరం ఒకటుంది. దాని అంచుల్లో కంచురేకుల కింద యీ జాతి పురుగు రెక్కలే పరిచారు.

ఇన్ని వందల ఏళ్ళు రంగు చెడకుండా ఎలా వుంది అని అడగవచ్చు. అది పూసిన రంగు కాదు. రెక్కమీద చాలా పలచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటిమీద పడ్డ వెలుగు విరిగి వెనక్కు వచ్చేటప్పుడు ఆకుపచ్చగా కనబడుతుంది. సబ్బు బుడగమీద రంగులు చూస్తాం చూడండి, దాదాపు ఆ లెక్కే. రంగు పదార్థం లేనప్పుడు ఎండకు వెలిసేదేముంది?

ఈ వర్తకం వల్ల జీరంగికి పేరు వచ్చింది గాని, దాని బ్రతుకు ఎవరికీ తెలియలేదు. రెక్క కొన్నవాడు పురుగు ఏ చెట్టుమీద పుట్టిందని అడగలేదు. కుట్టినవాడికి దాని అవసరం లేదు.

అసలు యీ పురుగుల బ్రతుకేమిటో ఇక్కడ కొంచెం నిదానించి చెప్పుకుందాం. ఎందుకంటే రైతుకు పనికొచ్చేది యీ భాగమే.

ఈ ఇంట్లో చాలా రకాలు కర్ర తొలిచేవి. తల్లిపురుగు బెరడు పగుళ్ళలో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్లపురుగు బెరడులోపలికి దూరి, బెరడుకూ చేవకూ మధ్య పాలపొరలో అటూ ఇటూ తిరుగుతూ తింటుంది. కొమ్మకు అన్నం మోసే దారి అదే గదా. అది చుట్టూ తెగితే కొమ్మ ఎండుతుంది. ఆ తరువాత కొన్ని రకాలు కర్ర లోపలికి పోతాయి. ఏడాదిలో పెద్దయ్యేవి వున్నాయి, రెండు మూడేళ్ళు పట్టేవీ వున్నాయి. అమెరికాలో ఒక బంగారు రంగు జాతి, ఇల్లు కట్టిన 50 ఏళ్ళ తరువాత దూలంలోంచి బయటికి వచ్చిన దాఖలా వుంది. ఎండిన కర్రలో సారం తక్కువ గనుక పెరగడానికి అంతకాలం పట్టింది. తాతగారు వేయించిన దూలంలోంచి మనవడి పెళ్ళికి పురుగు వచ్చిందంటే నమ్మరు, కాని నిజం.

వచ్చిన కన్నాన్ని చూసి పురుగును పోల్చవచ్చు. ఇది వడ్రంగులకు బాగా పనికొస్తుంది. పొడుగు మీసాల పెంకుపురుగు, అంటే మామిడి మొదలూ జీడిమామిడి మొదలూ తొలిచేది, బయటికి వచ్చిన కన్నం చాలావరకూ గుండ్రంగా వుంటుంది. అది తినేటప్పుడు పీచు పీచుగా పొట్టు బయటికి నెడుతుంది. మన జీరంగి చుట్టాలు చేసిన కన్నం నొక్కినట్టు బల్లపరుపుగానో, సగం చందమామలాగానో వుంటుంది. పొట్టు బయటికి పొయ్యదు. మెత్తటి పిండిలా దారిలోనే వెనక గట్టిగా కూరిపెడుతుంది. పురుగు ఆకారమూ అంతే. జీరంగి చుట్టాల పిల్లపురుగుకు మెడభాగం పెద్దదై పలకలా అణిగివుంటుంది. చూస్తే తల బాదిన మేకులా వుంటుంది.

ఇక్కడ ఒక వింత. అందరికంటే పేరున్న జీరంగి, ఆ అగ్గిపెట్టెలోది, కర్ర తొలిచేదే కాదు. దాని పిల్లపురుగు మట్టిలో వుండి వేళ్ళు తింటుంది. తల్లి గుడ్లు మట్టిలో పెడుతుంది. అందుకే చెట్టుకింద నేల దున్నకుండా వున్న గట్లమీద, బీళ్ళలో అది నిలవగలుగుతుంది.

ఈ జాతి పురుగులన్నీ ఎండనే కోరుకుంటాయి. మంచి ఎండలో, పన్నెండు ఒంటిగంట నడుమ ఎగురుతాయి. ఆరోగ్యంగా పాలుపట్టిన చెట్టుకంటే నీరుచాలక నీరసించిన చెట్టు, ఎండదెబ్బ తిన్న కొమ్మ, ఇప్పుడే నరికిన మొద్దు వీటికిష్టం. అందుచేత చాలా రకాలు చచ్చే కొమ్మను మట్టిచేసే పనిలో వున్నాయే గాని మన ఆస్తి కొల్లగొట్టడంలో లేవు. కొల్లగొట్టేవి కొద్దే. చిక్కేమిటంటే, చరిత్రలో లెక్కకెక్కింది ఆ కొద్దిమందే.

అది ఎలా జరిగిందంటే, 19వ శతాబ్దం చివరి రోజుల్లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పంటల పురుగులపై నోట్సు అచ్చువేయడం మొదలుపెట్టింది. అందులో ముఖ్యుడు కోట్స్ అనే ఆయన. దేశం నలుమూలల నుంచి కలెక్టర్లు, తోటల యజమానులు ఎండిన పురుగుల్ని పొట్లాలు కట్టి ఆయనకు పంపేవారు. పత్తిమొదలు తొలిచే పురుగుకు స్ఫెనోప్టెరా గాసిపియై అని పేరు. గాసిపియం అంటే పత్తి. మన పుస్తకాల్లో ఆ పేరు పక్కన ఇప్పటికీ కోట్స్ పేరే కనబడుతుంది. ఆ తరువాత లెఫ్రాయ్ 1909లో భారతదేశపు కీటకాలపై పెద్ద గ్రంథం తెచ్చాడు. 1914లో ఫ్లెచర్ అనే ఆయన దక్షిణ భారత కీటకాల మీద పుస్తకం రాస్తే మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అప్పటికి మన గుంటూరు కూడా మద్రాసు రాజధానిలోదే. 1940లో టి. వి. రామకృష్ణ అయ్యర్ గారు దక్షిణదేశపు పంటపురుగుల కరదీపిక వెలువరించారు. తరువాత చాలాకాలం వ్యవసాయ విద్యార్థులకు అదే పెద్ద ఆధారం. వీళ్ళంతా పంటవైపు నుంచి వచ్చారు. పంట చెరచని పురుగు వాళ్ళ పుస్తకంలో చోటు సంపాదించడం కష్టం.

అడవివాళ్ళది మరో దారి. స్టెబింగ్ 1914లో, డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన బీసన్ 1941లో అడవి పురుగుల మీద గొప్ప గ్రంథాలు రాశారు. బీసన్ పుస్తకం తిరగేస్తే ఏ చెట్టు కర్రలో ఏ పురుగు పుడుతుందో చెట్టువారీగా తెలుస్తుంది. కాని వాళ్ళ చూపు టేకు, సాల, మద్ది, కలప డిపోల మీద. పొలం గట్టుమీది తుమ్మ అడవిశాఖది కాదు, వ్యవసాయశాఖది కూడా కాదు. రెండు శాఖల నడుమ గట్టు గట్టుగానే వుండిపోయింది.

పేర్లు పెట్టే పండితుల్లో బెల్జియం దేశపు కెర్మాన్స్, ప్రేగ్ నగరపు ఒబెన్‌బెర్గర్ వేలకొద్దీ రకాలను వర్ణించారు. అవన్నీ అక్కడి భాషల్లో, అక్కడి సంచికల్లో చెల్లాచెదురుగా వున్నాయి. బ్రిటిష్ ఇండియా జంతుజాలమని ప్రభుత్వం వేయించిన సంపుటాల వరసలో పొడుగు మీసాల పురుగులకు 1906లోనే ఒక సంపుటం వచ్చింది. పేడపురుగులకు వచ్చింది, ఆకుతినే పెంకుపురుగులకూ వచ్చింది. ఇంత మెరిసే యీ ఇంటికి మాత్రం రాలేదు. నా మటుకు నాకు ఇది చాలా పెద్ద లోటనిపిస్తుంది. ఆ సంపుటమే వచ్చివుంటే లాం ఫారంలో, బాపట్ల కాలేజీలో వున్నవాళ్ళకు పని సగం తేలికయ్యేది.

లాం పరిశోధనా క్షేత్రం 1922లో, బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వచ్చాయి. పత్తీ మిరపా లాం సొత్తు. అక్కడివాళ్ళు మొదట తేల్చవలసింది కాయతొలిచే పురుగు, పచ్చదోమ, తెల్లదోమ సంగతి. మొదలు తొలిచే పురుగు ఎకరానికి నాలుగు మొక్కలు తింటే దానికోసం ఎవరు కూర్చుంటారు? వాళ్ళను తప్పుపట్టే పని లేదు.

మన ప్రాంతపు పైర్లలో యీ ఇంటివాళ్ళెవరో క్లుప్తంగా చెబుతాను. పత్తిలో పైన చెప్పిన గాసిపియై. వేరుశనగలోనూ కందిలోనూ దాని దగ్గర చుట్టం స్ఫెనోప్టెరా ఇండికా. తల్లిపురుగు ముదురు కంచువన్నెలో గింజంత వుంటుంది. పిల్లపురుగు వేరులో, మొదట్లో దూరితే మొక్క అక్కడొకటి ఇక్కడొకటి ఎండుతుంది. గోగులో అగ్రిలస్ అక్యూటస్ కాండంలో మెలిక తిరుగుతూ తొలుస్తుంది. కాండం అక్కడ ఉబ్బి గాలికి విరుగుతుంది. నారకు గోగు వేసే ఉత్తరకోస్తాలో దీని బాధ ఎక్కువ. మిరపకు మాత్రం యీ ఇంటివాళ్ళతో పేచీ లేదు. పత్తిమొదలు ఉబ్బి బుడిపె కట్టిందంటే అది పెంఫెరులస్ అనే ముక్కుపురుగు పని. మొక్క వాడింది గదా అని రెండిటికీ ఒకటే మందు కొట్టకండి. లోపల కూర్చున్న పురుగుకు పైన చల్లింది చేరదు. వాడిన మొక్కను వేరుతో పీకి తగలబెట్టడమే దారి. పంట అయ్యాక పత్తికట్టెను చేలో నిలబెట్టి వుంచితే పురుగుకు ఇల్లు అద్దెకిచ్చినట్టే.

ఇక మన మైదానం మారిన సంగతి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద పల్నాడు నుంచి అద్దంకి, దర్శి వైపు దాకా మెట్ట మాగాణయింది. కాలువ అందని నల్లరేగడిలో పత్తి కమ్ముకొచ్చింది. జొన్న, వరిగ, కొర్ర తగ్గాయి. గట్టుమీద తుమ్మ నీడకు పత్తి కాయదని తుమ్మల్ని కొట్టేశారు. నాగలికీ, బండిచక్రానికీ తుమ్మకర్ర కావలసిన రోజుల్లో ఆ చెట్టును ఎవరూ అంత తేలిగ్గా కొట్టలేదు. ట్రాక్టరు వచ్చాక ఆ అడ్డు తొలగింది. కాలువగట్లు, చెరువుకట్టలు సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఒంగోలు, కందుకూరు వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ తోటలు లేచాయి. తీరాన చీరాల, బాపట్ల ఇసకల్లో సరుగుడు వుండనే వుంది. ఒక్కొక్క చెట్టుకూ దాని కర్రపురుగులు దానికుంటాయి. చెట్టు మారితే పురుగు మారుతుంది.

ఆ పైన మందుల సంగతి చెప్పనక్కరలేదు. 1987–88 పంటకాలంలో కాయతొలిచే శనగపచ్చపురుగు విజృంభించి, ఎన్నిసార్లు కొట్టినా చావక, అప్పులపాలైన పత్తిరైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మొదలు మన నేలమీద చల్లిన మందులో ఎంతభాగం పక్కగట్టు మీదికి పోయిందో ఎవరు కొలిచారు? జీరంగులు ఇదివరకటంత కనబడటం లేదని నేను తిరిగే వూళ్ళలో పెద్దలు అంటుంటారు. అనటం సరే, ఇదివరకు ఎన్ని వుండేవో రాసిపెట్టిన కాగితం వుంటే గదా ఎంత తగ్గాయో చెప్పడానికి. తగ్గాయనీ అనలేం, లేదనీ అనలేం.

ఇదంతా పురుగుల మీద వల్లమాలిన మోజుతో చెప్పే మాట అనుకోవచ్చు. ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో అమెరికా వాళ్ళను అడగాలి. 2002లో మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ చుట్టుపక్కల యాష్ అనే చెట్లు చస్తున్నాయి. బెరడు కింద పిల్లపురుగు, కన్నం సగం చందమామ. మన అగ్రిలస్ కోవదే అని తేలింది. కాని ఏ రకమో ఆ దేశంలో ఎవరూ పోల్చలేకపోయారు. చివరికి స్లొవాకియా దేశంలో వున్న జెండెక్ అనే నిపుణుడికి పంపితే, ఇది తూర్పు ఆసియాది, 1888లోనే ఫేర్‌మేర్ అనే ఫ్రెంచివాడు చైనా నుంచి వచ్చిన పురుగును చూసి పేరుపెట్టాడని తేల్చాడు. పాత కాగితం ఒకటుంది గనుక పేరు దొరికింది. అప్పటికి ఆ పురుగు అక్కడ దిగి సుమారు పదేళ్ళయిందని తరువాత చెట్లకర్రలో ఏటి వలయాలు లెక్కపెట్టి తెలుసుకున్నారు. కోట్లకొద్దీ చెట్లు పోయాయి. సామాను ఓడలెక్కించే చెక్కపెట్టెల కర్రలో అది సముద్రం దాటి వుంటుందని వాళ్ళ అంచనా.

అంత దూరం ఎందుకు? మన మిరపచేలోకే చూడండి. 2021–22లో పూతలో దూరి పూత రాల్చేసిన నల్ల తామరపురుగు మన పాత తామరపురుగు కాదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. బెంగళూరులో బొప్పాయిమీద దాన్ని 2015లోనే గుర్తించి పేరుతో సహా రాశారు. ఆరేళ్ళ తరువాత గుంటూరు మిరపను ముంచింది. చేలో పాతవాళ్ళెవరో తెలిసినవాడికే కొత్తవాడు కంటబడతాడు. కట్టె, కలప, నారుమొక్కలు దేశాలు దాటి తిరిగే కాలమిది. రేపు సరుగుడులోనో, మామిడిలోనో కొత్త కర్రపురుగు దిగితే, ఇది మనదా పరాయిదా అని అడిగినప్పుడు జవాబు చెప్పడానికి పట్టిక కావాలి.

పట్టిక రాయడానికి పెద్ద చదువు అక్కరలేదు. విస్తరణ పనిలో వున్న మిత్రులు, బడి పంతుళ్ళు, పిల్లలు, రైతులు కలిస్తే చెయ్యగలిగిన పనే. మొదట వడ్రంగిని కలవండి. ఏ కర్ర ఎప్పుడు పుచ్చుతుందో, దేన్ని చెరువులో నానవేసి వాడాలో అతనికి తెలిసినట్టు పట్టా పుచ్చుకున్నవాళ్ళకు తెలియదు. తరువాత కట్టెల అడితి. అక్కడ ఇరవై రకాల మొద్దులు ఒకచోట పడివుంటాయి. మధ్యాహ్నపు ఎండలో కొత్తగా నరికిన మొద్దుల మీద వాలే పురుగుల్ని చూడండి. పొద్దున్నే చలికి పురుగు ముడుచుకుని వున్నప్పుడు తుమ్మకొమ్మ కింద పాత పంచె పరిచి, కర్రతో రెండు దెబ్బలు కొడితే రాలతాయి.

పురుగు ఏ చెట్టులో పుట్టిందో ఖాయంగా తెలియాలంటే మాత్రం బాన పద్ధతి వుంది. సగం ఎండిన కొమ్మను మూరెడు ముక్కలుగా కోసి, పాత బానలో నిలబెట్టి, మూతికి గుడ్డ కట్టి నీడన వుంచాలి. వారానికొకసారి చూడాలి. ఏడాది ఓపిక పట్టాలి. నా లెక్కలో చెట్టుకొక బాన వున్న వూరే మంచి ప్రయోగశాల.

మరొక ఉపాయం కందిరీగ నేర్పింది. 19వ శతాబ్దంలో లియోన్ డ్యుఫూర్ అనే ఫ్రెంచి వైద్యుడు నేలలో గూడుపెట్టే ఒక కందిరీగ బొరియలు తవ్వితే, పిల్లలకు మేతగా అది దాచిన మెరుపు పురుగులు వందలకొద్దీ దొరికాయి. ఆయన వెతికితే ఒకటీ అరా కనబడే రకాలు అక్కడ పోగులు పడివున్నాయి. దాని చుట్టాన్ని ఇప్పుడు అమెరికాలో, కెనడాలో వేగులా వాడుకుంటున్నారు. పిల్లల ఆటస్థలాల ఇసకలో దాని బొరియల దగ్గర కూర్చుని, అది మోసుకొచ్చే పురుగును చూసి, చెట్లలోకి ఏ కొత్తరకం దిగిందో కనిపెడుతున్నారు.

పట్టిన ప్రతి పురుగునూ చంపనక్కరలేదు. రకానికి ఒకటి రెండు చాలు, తక్కినవాటికి సెల్‌ఫోనులో పైనుంచీ పక్కనుంచీ ఫోటో తీసి వదిలెయ్యండి. ఉంచిన పురుగును దూదిపెట్టిన అగ్గిపెట్టెలో కలరా ఉండ ముక్కతో దాచండి. కాగితం ముక్క తప్పనిసరి. వూరు, చెట్టు, కొమ్మ బతికిందా ఎండిందా, తేదీ, పట్టినవారి పేరు పెన్సిలుతో రాయాలి. సిరా అయితే చెమ్మకు కరుగుతుంది. కాగితం లేని పురుగు ఎంత అందమైనదైనా మళ్ళీ పిల్లల ఆటవస్తువే. నల్లమల పులుల అభయారణ్యంలోకి మాత్రం అనుమతి లేకుండా యీ పనిమీద పోవద్దు. మనక్కావలసింది గట్టు, గట్టుకు అనుమతి అక్కరలేదు.

పని మొదలుపెట్టడానికి రెండు కాలాలు అనువైనవి. ఒకటి తొలకరి తరువాత తుమ్మ చిగురువేసే రోజులు. రెండోది పత్తి ఆఖరితీత అయిపోయి, ఫిబ్రవరి మార్చి నెలల్లో కట్టె పీకే రోజులు. పీకిన కట్టెను కుప్పవేసి తగలబెట్టేముందు, వాడిపోయిన మొక్కల మొదళ్ళు ఒక ఇరవై విడిగా ఏరి, కత్తితో నిలువునా చీల్చి చూడండి. ఎన్నిట్లో బుడిపె వుంది, ఎన్నిట్లో పొట్టు కూరిన దారి వుంది, ఎన్నిట్లో ఏ పురుగూ లేకుండా వేరు కుళ్ళింది అని మూడు గీతలు గీసి లెక్కవేయండి. పురుగు సజీవంగా దొరికితే ఆ మొదలుముక్కతో సహా సీసాలో పెట్టి, మూతకు గుడ్డకట్టి, మీ మండల వ్యవసాయాధికారి ద్వారా లాం ఫారానికో బాపట్ల కాలేజీ కీటకశాస్త్ర విభాగానికో చేర్పించండి. చీటీ మీద చేను సర్వే నంబరు కూడా వుంటే మరీ మంచిది.